‘వచ్చారా’ అని అడిగిన పాపానికి

ఒక చిన్న క్రియాపదం, దాని తోకకు ఒక ప్రశ్న గుర్తు. అంతకంటే పెద్ద ఆయుధమేదీ ఆ రోజు నా చేతిలో లేదు. దాంతోనే శాలిబండలో ఒక అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం ఊడగొట్టబోయాను. పని సగంలో ఉండగా ఆ ఆయుధం నావైపే తిరిగింది. ఎలాగో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు నవ్వండి, కాని మధ్యలో లేచి వెళ్లకండి. నేను హాజరు తీసుకునే మనిషిని.

నేను లెక్క మనిషినని మా బంధువులందరికీ తెలుసు. మా ఇంట్లో మూత ఉన్న ప్రతి వస్తువు మీద దాన్ని ఏ రోజు తెరిచామో రాసి అంటించి ఉంటుంది. నా నోటికి మూత లేదు కనుకే దానిమీద తేదీ లేదని మావారు అంటారు. అలాంటి నన్ను ప్రభుత్వం పాతబస్తీలో అంగన్‌వాడీల సూపర్‌వైజరుగా వేసింది. పసిపిల్లలున్న ఇళ్లకు టీచర్లు వెళ్లాలి. తల్లులతో మాట్లాడాలి. పిల్ల ఏం తింటోంది, బరువు పెరుగుతోందా, టీకాలు పడ్డాయా అని చూడాలి. దీన్ని మా శాఖలో గృహ సందర్శన అంటారు. వాళ్లు నిజంగా వెళ్తున్నారా అని చూడటం నా పని. నేను నిజంగా చూస్తున్నానా అని చూడటం నా పైవాళ్ల పని. వాళ్లను చూసేవాళ్లు ఇంకా పైన ఎక్కడో ఉంటారు. పిల్లవాడు మాత్రం ఇంతమంది చూపుల మధ్య చీమిడి ముక్కుతో కూర్చుని బిస్కెట్టు చప్పరిస్తుంటాడు.

ఇది జరిగేనాటికి నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. బుద్ధి ఇంకా దగ్గరపడలేదు.

శాలిబండ వెనక గల్లీలో మా సెంటరు టీచరు పేరు యాదమ్మ. ఆమె గల్లీ ఈ చివర మాట్లాడితే ఆ చివర ఉయ్యాల్లో పిల్లలు లేచేవారు. ఆమెతో నాకు ఒకటే పేచీ. ఎప్పుడు వెళ్లినా పిల్లల మధ్య ఆయా ఉండేది, యాదమ్మ ఉండేది కాదు.

“టీచరేదీ?”

“గల్లీలకు పోయింది మేడం.”

గల్లీలోకి పోయిందంటే ఏమిటర్థం? అరుగులెక్కి కబుర్లు చెబుతోందని అర్థం. నేను అలాగే అర్థం చేసుకున్నాను. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు.

ఆ ఏడాది మా తనిఖీ కాగితం నుంచి ఫోనులోకి మారింది. ఇంటి గుమ్మం ముందు నిలబడితేనే యాప్‌లో ప్రశ్న తెరుచుకుంటుంది. ‘గత నెలలో టీచరు గృహ సందర్శనకు వచ్చారా?’ కింద రెండు బటన్లు. అవును, కాదు. నొక్కిన మరుక్షణం జవాబు పైకి వెళ్లిపోతుంది. దాన్ని వెనక్కి పిలిచే బటన్ లేదు. ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాటలు కలపకూడదు అని శిక్షణలో చెప్పారు. అందరూ విని మరిచిపోయారు. నేను విని పాటించాను. అనర్థం అక్కడే మొదలైంది.

మొదటి ఇల్లు నస్రీన్‌ది. ఒడిలో నెలల పిల్ల. నేను ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాను.

“గత నెలలో టీచరు గృహ సందర్శనకు వచ్చారా?”

ఆమె నన్నూ ఫోనునూ మార్చి మార్చి చూసింది. “టీచర్? ఇస్కూల్ కీ టీచర్?”

“అంగన్‌వాడీ టీచర్.”

“నై మేడం. కోయీ నై ఆయే.” ఎవరూ రాలేదట.

కాదు. నొక్కాను.

పక్కింట్లో సుజాత తలుపు సగమే తీసింది. “గృహ సందర్శననా? మేం చర్చికి పోయెటోళ్లం మేడం. గసోంటి పూజలు చేయించుకోం.”

“పూజ కాదమ్మా. ఇంటికి ఎవరైనా వచ్చారా?”

“మా ఇంటికి ఎవలొస్తరు మేడం. నా తోడబుట్టినోళ్లే వస్తలేరు.”

కాదు. ఇలా ఒక్కో గుమ్మం ముందూ నా అనుమానం బలపడుతూ వచ్చింది. నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది. లెక్క సరిపోయినప్పుడు కలిగే సంతోషం అది. తప్పు లెక్క సరిపోయినా అంతే సంతోషంగా ఉంటుందని అప్పటికి తెలియదు.

చివరి ఇల్లు బాలమ్మది. కోడలు అఫ్జల్‌గంజ్‌లో దుకాణంలో పనికి పోతుంది, మనవడిని బాలమ్మే చూసుకుంటుంది. ఆమె గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

“ఎవ్వలు రాలే” అంది, నేను చదవడం పూర్తికాకముందే.

“బాగా గుర్తు చేసుకోండి.”

“యాది చేస్కునేదేమున్నది. ఎవలన్న వస్తే చాయ్ పొయ్యకుంట పంపుతనా? తెచ్చిన చాయ్‌పత్త గట్లనే ఉన్నది.”

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుతుంది? నొక్కాను. నొక్కిన వేలు ఇంకా ఫోను అద్దం మీదే ఉంది. ఇంటి లోపలి నుంచి, ఆ చివర ఉయ్యాల్లో పిల్లల్ని లేపే గొంతు వినిపించింది.

“అవ్వా, ఎవలతోని మాట్లాడుతున్నవ్? గీ పోరడు గుడ్డుల తెల్లది తిని పచ్చది నా చీరకు పూసిండు.”

చంకలో పిల్లవాణ్ని వేసుకుని యాదమ్మ బయటికి వచ్చింది. “నమస్తే మేడం. ఎప్పుడొచ్చిండ్రు?”

నేను బాలమ్మ వైపు తిరిగాను. “ఎవరూ రాలేదన్నారు కదమ్మా.”

“ఎవ్వలు రాలే.”

“మరి ఈమె?”

“గీమెనా? గీమె యాదమ్మ.”

“అదే. యాదమ్మ వచ్చింది కదా?”

బాలమ్మ నావైపు జాలిగా చూసింది. “ఏడికెళ్లి వస్తదమ్మా? ఆమె ఈడ్నే తిరుగుతుంటది. వచ్చుడంటే చుట్టాలొస్తరు. ఆడిబిడ్డ వస్తది. యాదమ్మ వచ్చుడేంది, ఇంట్ల మనిషాయె.”

ఎదురింటి పరదా పక్కకు జరిగింది. నస్రీన్ తల బయట పెట్టింది. “అండేవాలీ ఆపాకు పూఛ్ రహే థే క్యా మేడం? వో తో ఘర్కీచ్ హై నా.” గుడ్లు తెచ్చే అక్క గురించా మీరడిగింది, ఆమె ఇంటి మనిషే కదా అని దాని తాత్పర్యం. ఆ గల్లీలో యాదమ్మను టీచర్ అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ ముక్క తెలియనిది, ఆమెను పర్యవేక్షించే నాకొక్కదానికే.

నా ఫోను చిన్నగా వణికింది. మీ సమాచారం చేరింది, ధన్యవాదాలు అని రాసి ఉంది. దాని వెనకే యాదమ్మ ఫోను మోగింది.

“గిదేందో జర సదువుండ్రి మేడం. నా అద్దాలు సెంటర్ల ఉన్నయి.”

ఆమె ఫోను తీసుకుని చదివాను. అధికారిక పత్రం కదా, ఉన్నది ఉన్నట్టే చదివాను. “‘మీరు గృహ సందర్శనలు చేయడం లేదని క్షేత్రస్థాయి తనిఖీలో తేలినందున, మిమ్మల్ని విధుల నుంచి ఎందుకు తొలగించరాదో సంజాయిషీ...’”

“తొలగించుడా? ఎవలు తేల్చిండ్రు?”

“నేనే.”

“ఎన్నడు?”

“ఇప్పుడే. నువ్వు లోపల గుడ్డు తినిపిస్తుండగా.”

యాదమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది. “నా బిడ్డ ఇంటర్ల ఉన్నది మేడం. గీ నౌకరి పోతే దాని సదువు బందే” అంది, పిల్లవాడి మూతి తుడుస్తూ. తర్వాత పిల్లవాణ్ని నా చేతుల్లో పెట్టింది. “మీరే సూస్కోండ్రి. ఎట్లాగూ నేను రాలే గద.” గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నా చీర మీద వాడు మిగతా పచ్చసొనంతా నింపాదిగా పూశాడు.

నేను ఆ చీరతోనే ఆఫీసుకు పరుగెత్తాను. మా ప్రాజెక్టు ఆఫీసరు స్వప్న, నా కూతురి వయసు, కరీంనగర్ పిల్ల. నేను చెప్పిందంతా విని తల పట్టుకుంది.

“పోయింది వాపస్ రాదు మేడం. నేనే వచ్చి మళ్లీ అడగాలె. గురువారం వస్త. అప్పుడు గూడ కాదనే వస్తే ఆమె పోయినట్టే, నా చేతుల ఏం లేదు. ఒక్క మాట. మీరు ముందుగాల పోయి ఎవ్వరికి ఏం నేర్పొద్దు.”

“అయ్యో, నేనెందుకు నేర్పుతానమ్మా” అన్నాను. మర్నాడు పొద్దున్నే వెళ్లి నేర్పాను.

“ఆఫీసరు గారు వచ్చి ‘వచ్చారా’ అని అడుగుతారు. ‘వచ్చారండీ’ అనాలి. అంతే.”

నస్రీన్ రెండుసార్లు అప్పగించింది. “వచ్చారండీ. బరాబర్?” సుజాత ఇంకో అడుగు ముందుకు వేసి, ‘క్రమం తప్పకుండా వచ్చారండీ’ అని ఆదివారం బడి వాక్యంలా కళ్లు మూసుకుని కంఠతా పట్టింది. బాలమ్మ దగ్గరే చిక్కొచ్చింది.

“అబద్ధమాడాల్నా?”

“అబద్ధం కాదమ్మా, నిజమే.”

“నిజమైతే నేర్పుడెందుకు?”

“ముందు అనండి. వచ్చారండీ” అన్నాను.

గురువారం వచ్చింది. ముందు స్వప్న, వెనక నేను, నా వెనక యాదమ్మ. ఆమె నోరు తెరవకూడదని షరతు. యాదమ్మ నోరు తెరవకుండా నడవడం ఆ గల్లీ ఎన్నడూ చూడలేదు. ఎవరైనా పోయారేమోనని ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి చూశారు.

“గత నెలలో టీచరు గృహ సందర్శనకు వచ్చారా?”

“వచ్చారండీ” అంది నస్రీన్, నావైపు చూస్తూ.

స్వప్న కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. బటన్ నొక్కలేదు. పక్క గుమ్మానికి నడిచింది.

“క్రమం తప్పకుండా వచ్చారండీ” అంది సుజాత. కళ్లు మూసుకునే అంది.

రెండో కనుబొమ్మ కూడా లేచింది. నేను దగ్గాను. ఆ దగ్గు సుజాతకు ఇంకోలా అర్థమై, మళ్లీ మొదటి నుంచి ఒప్పజెప్పింది.

స్వప్న నావైపు తిరిగింది. “మేడం, మీదేవూరు?”

“తెనాలి దగ్గరమ్మా.”

“శాలిబండల ‘అండీ’ అన్నోళ్లను నేను గిప్పటిదాంక సూడలే. గీ గల్లీ గల్లీ అంత తెనాలిల పుట్టిందా?”

నేలచూపులు చూశాను.

“గిట్లయితే నేను అవును ఎట్ల నొక్కాలె? నేర్పిచ్చిన జవాబులని రాస్తే, యాదమ్మనే నేర్పిచ్చిందంటరు పైన. అప్పుడు సంజాయిషీ గూడ అడగరు.”

“నేనే నేర్పాను. రాసేదేదో నా పేరు మీద రాయమ్మా” అన్నాను.

స్వప్న బాలమ్మ ఇంటికి నడిచింది. మమ్మల్ని చూడగానే బాలమ్మ గొంతు సవరించుకుని, “వచ్చా...” అని మొదలుపెట్టింది.

“అది ఇడిసిపెట్టు అవ్వా” అంటూ స్వప్న గడప మీద ఆమె పక్కనే చతికిలబడింది. “యాదమ్మ ఏడుంటది?”

“ఏడుంటది? పొద్దుగాల ఈడ్నే ఉండె. పోరడు జర బక్కగైండని కాంటకేసి సూసింది. నా కోడలు చాయ్‌ల రస్కు ముంచి పెడుతున్నదని లొల్లి పెట్టుకున్నది. పప్పు మెత్తగ పిసికి నెయ్యేసి పెట్టుమన్నది. నన్ను గూడ తిట్టింది.”

“నిన్నెందుకు?”

“చేతులు కడుక్కోలేదని. నా ఇంట్ల నన్నే.”

“మరి గా యాదమ్మ నెల దినాలల్ల వచ్చినట్టేనా?”

బాలమ్మ ఆలోచించింది. యాదమ్మ నా మోచేయి పట్టుకుంది, గాజులు విరిగేంత గట్టిగా.

“గట్లడిగితే, వచ్చినట్టే.”

స్వప్న ‘అవును’ నొక్కింది. మిగతా గుమ్మాల ముందు కూడా అలాగే అడిగింది. ఒక్కరంటే ఒక్కరు యాదమ్మను మెచ్చుకోలేదు. టీకా వేయించే దాకా తలుపు దగ్గరే నిలబడి సతాయించిందని నస్రీన్ మొత్తుకుంది. మీ పిల్లకు కుర్‌కురేలు ఎవరిచ్చారని తన మొగుణ్ని నలుగురిలో నిలదీసిందని సుజాత వాపోయింది. ప్రతి ఇంట్లోనూ ఫిర్యాదే. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో ‘అవును’ పడింది. యాదమ్మ తన మీద అన్ని చాడీలు వింటూ, పెళ్లిపందిట్లో కట్నాలు చదివించుకుంటున్న పెళ్లికూతురిలా సిగ్గుపడింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

“అయిపోలే మేడం” అంది స్వప్న, తిరిగి బాలమ్మ గడప దగ్గరికి వచ్చాక. “ఆఖరి ఇంటికాడ ఇంకో ప్రశ్న తెరుచుకున్నది. దీన్ని ఉన్నదున్నట్టే సదవాల్నట.” చదివింది. “‘గత మూడు నెలల్లో సూపర్‌వైజరు పర్యవేక్షణకు వచ్చారా?’”

నాకు చీమ కుట్టినట్టయినా లేదు. పోయిన వారం వచ్చాను. తప్పు పనికే అయినా మర్నాడు కూడా వచ్చాను. ఇప్పుడు ఎదురుగానే నిలబడి ఉన్నాను. బాలమ్మ నన్ను కాళ్ల నుంచి తల దాకా తీరిగ్గా చూసింది.

“సూపర్‌వైజరా? రాలే.”

స్వప్న నావైపు చూసింది. నా కళ్లు చెమర్చి ఉన్నాయి. మీకు అర్థమైంది కదా? నేనూ రాలేదట. అంటే నేనూ ఆ ఇంటి మనిషినైపోయానన్నమాట. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత గౌరవం నాకెవరూ ఇవ్వలేదు. ఈ ఆనందంలో నేనుండగానే స్వప్న వేలు ‘కాదు’ మీద పడింది, నా ఫోను మోగింది. పర్యవేక్షణకు వెళ్లనందుకు నా మీద ఎందుకు చర్య తీసుకోరాదో చెప్పాలట.

“సదివి వినిపియ్యాల్నా మేడం?” అంది యాదమ్మ. ఆ రోజు ఆమె అద్దాలు తెచ్చుకుంది.

నేను పట్టించుకోలేదు. వంగి బాలమ్మ చేయి పట్టుకున్నాను. “అయితే నేను కూడా ఇంట్లో మనిషినేనా అవ్వా?”

“నువ్వా?” బాలమ్మ చేయి విడిపించుకుంది. “నువ్వు వచ్చినవని చెప్తే ఆళ్లు నిన్ను మల్ల ఈడికి తోలుతరేమోనని.”

ఆ సంజాయిషీలో ఏం రాశానో మాత్రం అడగకండి. రిటైరయ్యే ముందు నేను రాసిన వాటిలో అంత వినయంగా రాసింది మరొకటి లేదు. కనుక పాఠకులారా, మీ అందరి ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా కంఠంలో ప్రాణం ఉండగా ఎవరి గుమ్మం ముందూ ‘వచ్చారా’ అని అడగను. ‘మిమ్మల్ని ఎందుకు తిట్టింది’ అని మొదలుపెడతాను. దానికి జవాబు లేని ఇంటికి ఎవరూ వెళ్లడం లేదని నిశ్చింతగా రాసుకుంటాను.