ఏసుపాదం మాస్టారి ఒకే ఒక్క తప్పు

ఇంగ్లీషు వాక్యంలో కర్తకీ క్రియకీ పొత్తు కుదరకపోతే, పచ్చటి కాపురం కళ్లముందే కూలిపోతున్నట్టు విలవిల్లాడిపోయేవారు మా మలికిపురం ఏసుపాదం మాస్టారు. రిటైరయ్యాక ఆ కాపురాలు నిలబెట్టడమే పనిగా పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా, శుభలేఖ ఆయన ఎర్రకలం కిందనుంచి వెళ్లాకే అచ్చుకి వెళ్లేది. పరామర్శకి వెళ్లి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ దిద్ది వచ్చిన మనిషి.

ఆటో బంగారరాజుతో ఆయనకి రోజూ ఇదే తగువు.

"మాస్టారు ఆర్ గోయింగా అండీ?"

"ఆర్ కాదు, ఈజ్."

"మీకు 'ఈజ్' అంటే ఏం మర్యాదండీ? గౌరవానికని 'ఆర్' అన్నానండి."

"నా గౌరవం నేను చూసుకుంటాను. నువ్వు 'ఈజ్' అను."

మర్నాడు మళ్లీ 'ఆర్' అనేవాడు. గౌరవం విషయంలో బంగారరాజు రాజీపడడు.

ఓ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి మాస్టారిని ముఖ్య అతిథిగా పిలిచారు. తోడుగా నేనూ వెళ్లాను. ఇంటరు చదివే కరుణ, కొబ్బరిపీచు పనికెళ్లే తల్లి గురించి ఇంగ్లీషులో మాట్లాడుతూ, 'షీ' అనాల్సినచోట 'హీ' అనేసింది. అమ్మ కాస్తా మగవాడైపోయేసరికి హాలంతా గొల్లుమంది. పిల్ల మైకు పట్టుకుని కొయ్యబారిపోయింది. మాస్టారి చెయ్యి జేబులోని ఎర్రకలం మీదికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆయన లేచి, రెండో మైకు అందుకుని, నాట్లేసి తనని చదివించిన తల్లి గురించి ఇంగ్లీషులో చెప్పసాగారు. ఆవిణ్ణి మొదటినుంచి చివరిదాకా 'హీ' అన్నారు. నవ్వంతా ఆయన మీదికి మళ్లింది. అప్పుడు కరుణ వైపు తిరిగి, "ఇహ మీ అమ్మగారి సంగతి చెప్పమ్మా" అన్నారు. ఆ పిల్ల తేరుకుని చెప్పింది.

బయటికొచ్చాక, "పెద్దతనం వచ్చేసిందండి" అన్నారు. నేను నమ్మేశాను. గేటు దగ్గర బంగారరాజు ఆటో ఆపాడు.

"మాస్టారు ఆర్ టైర్డా అండీ?"

"ఈజ్" అనేశారు ఠక్కున. వెంటనే నాలిక్కరుచుకుని, నా చెవిలో అన్నారు: "ఎక్కడా అనకండేం. ఆ పిల్ల మళ్లీ కాలేజీకి రావాలి కదండీ."

అనలేదు. ఇప్పటికీ అదే నా విచారం. మాస్టారికి మతి తప్పిందని ఊరు తేల్చేసింది. శుభలేఖలు రావడం మానేశాయి. ఆయన వీధరుగు మీద కూర్చుని ఎర్రకలం మూత తీస్తూ, పెడుతూ ఉండేవారు. ఎదుటి ఫ్లెక్సీల మీద కర్తలూ క్రియలూ ఇష్టం వచ్చినట్టు విడిపోతుంటే, తల పక్కకి తిప్పుకునేవారు. నిజం చెప్పేస్తానంటే ఒప్పుకునేవారు కాదు.

ఆయన పోవడానికి కొద్ది నెలల ముందు కరుణ వచ్చింది. రామచంద్రపురంలో ఇంగ్లీషు లెక్చరరు ఇప్పుడు.

"నా శుభలేఖండి. అచ్చుకిచ్చేముందు ఓసారి చూసిపెట్టండి మాస్టారూ."

ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక్క తప్పూ దొరక్క మొహం వేలాడేశారు.

"అది నేను రాసేనండి" అంటూ కరుణ ఇంకో కాగితం తీసింది. "ఇది పెళ్లికొడుకు రాసేడండి, విందులో చదవడానికి."

మొదటి వాక్యానికే మాస్టారి కళ్లు వెలిగాయి. రెండో వాక్యానికి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆయన దిద్దిన ఆఖరి కాగితం అదే. అది పూర్తిగా ఎర్రబడ్డాక తలెత్తి, తృప్తిగా అన్నారు:

"అబ్బాయి చాలా మంచివాడిలా ఉన్నాడమ్మా. చేసేసుకో."