చంకలో పుస్తకం

ఏసురత్నం మాస్టారు మనిషి మహా నెమ్మది. ఆయన మోచేయి మాత్రం ఎవరి మాటా వినేది కాదు. నందిగామలో మేం బాల్ బ్యాడ్మింటన్ ఆడే రోజుల్లో, నడుం ఎత్తున వచ్చిన బంతిని కింది నుంచి లేపబోతే చాలు, ఆ మోచేయి పక్కకి ఎగిరేది. బంతి గీత దాటి పోయేది. ఆ ఏడు బందరులో జిల్లా పోటీలు. వెళ్లే జట్టును జగ్గయ్యపేటలో ఎంపిక చేస్తామన్నారు. మాస్టారికి ముప్పై అయిదు దాటాయి. ఈసారి తప్పితే ఇక కుర్రాళ్ల ఆట చూస్తూ కూర్చోవడమే.

అందుకని మోచేతిని దారికి తెచ్చే సాధనాల వేటలో పడ్డారు. ముందు వడ్రంగి చేత తుమ్మచెక్కతో బరువైన బ్యాటు చేయించారు. వారం తిరక్కుండా భుజం పట్టేసింది. బడిలో నల్లబల్ల మీద రాయడానికి కూడా చెయ్యి లేవలేదు. తర్వాత ఉన్ని బంతిని వేపకొమ్మకు దారంతో వేలాడదీసి కొట్టారు.

"మాస్టారూ, అవతలివాళ్లు కూడా బంతికి దారం కట్టే పంపుతారంటారా?" అన్నాను. తాలూకాఫీసు గుమాస్తాను, నోటిదురుసు ఎక్కువ. ఆయన నవ్వేసి మర్నాడు దారం విప్పేశారు.

ఆపైన చంకలో తువ్వాలు పెట్టుకున్నారు. మోచేయి లేస్తే తువ్వాలు జారుతుంది, తప్పు తెలుస్తుంది. ఉపాయం మంచిదే. కానీ జారిన తువ్వాలును దులిపి మళ్లీ పెట్టుకోవడం తప్ప ఆయనకు ఒరిగిందేమీ లేదు.

ఒక సాయంత్రం ప్రార్థన కూటం నుంచి నేరుగా మైదానానికి వచ్చారు. చేతిలో బైబిలు. నేల మీద పెట్టలేరు, ఆట మానలేరు. చంకలో పెట్టుకుని బ్యాటు అందుకున్నారు. ఆ రోజు బంతులన్నీ గీత లోపలే పడ్డాయి! తువ్వాలు జారితే దుమ్ము అంటుతుంది, అంతే. దేవుని వాక్యం జారితే పాపం. ఆ భయానికి మోచేయి పక్కటెముకల్ని వదల్లేదు. మర్నాటి నుంచి అదే సాధన.

రోజూ బైబిలు చంకన పెట్టుకుని వడివడిగా పోయే మాస్టారిని చూసి వాళ్ల పేటంతా మరోలా అనుకుంది. కొడుక్కి దేవుని పిలుపు వచ్చిందని వాళ్లమ్మ సౌభాగ్యమ్మ పొంగిపోయింది. పాస్టరు ఇశ్రాయేలు గారు ఆదివారం ప్రసంగం ఆయనకే అప్పజెప్పారు. ఆ కబురు చెప్పడానికి ఆవిడ స్వయంగా మైదానానికి వచ్చి, కళ్లారా చూసింది.

"వాక్యాన్ని చంకలో పెట్టుకుని బంతులాట ఆడతన్నావా? ఊరంతా చెప్పుకున్నా కదరా! నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మాస్టారు బైబిలు ఆమె చేతికిచ్చి తల దించుకున్నారు. "ఇది లేకపోతే నా చెయ్యి నిలవదమ్మా. ఇక బందరు ఆశ వదులుకోవాల్సిందే."

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ పుస్తకానికి అంటిన చెమటను కొంగుతో తుడిచింది. కోపం ఇంకా తగ్గలేదు.

"చెయ్యి నిలవదా? పెనుగంచిప్రోలు మిరపతోటల్లో నిన్ను చంకనేసుకునే కాయ కోశా. ఈ చంక లాగేస్తే ఆ చంకకి మార్చుకున్నా. ఒక్కనాడన్నా జారనిచ్చానా? నీ చంకలో పసిబిడ్డ ఉందనుకుని ఆడు, పో!"

ఆదివారం ప్రసంగం మాత్రం తప్పలేదు. బాగానే చెప్పారట.

జగ్గయ్యపేటలో ఎంపిక రోజున మాస్టారి చంక ఖాళీ. మొదటి బంతి గీత దాటింది. ఆయన ఆగి, చేతిని పక్కటెముకలకి అదుముకుని సర్దుకున్నారు, నిద్రలో ఉన్న బిడ్డను సర్దుకున్నంత జాగ్రత్తగా. ఆ తర్వాత ఎంత కిందికి పంపినా బంతిని తిన్నగా లేపారు. అవతలివాళ్లు విసిగిపోయి తప్పులు చేయడం మొదలుపెట్టారు. ఆట ముగిశాక పేర్లు చదివారు. ఆఖరి పేరు ఆయనది.

నందిగామలో బస్సు దిగేసరికి సౌభాగ్యమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. ఆవిడకు ఆట తెలీదు, పాయింట్లూ తెలీవు. కొడుకుని అడగడానికి భయపడి నన్నడిగింది.

"పడేశాడా బాబూ?"

"ఒక్కసారి జారబోయింది గానీ, గట్టిగా పట్టుకున్నారమ్మా."

"మరి నా బిడ్డేగా!" అంది ఆవిడ.