సూపర్ మార్కెట్లో కొసరు

కూరగాయలు చవగ్గా వస్తాయని పోయిన నెల మా కోడలు నన్ను తిరుపతిలో ఒక సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్ళింది. కిలో బీన్స్ తూచి, కవరుకు రేటు స్టిక్కరు అంటించారు. తోపుడుబండి దగ్గర కొనే అలవాటు కొద్దీ నేను పైన గుప్పెడు కొసరు వేసుకున్నాను.

బిల్లు దగ్గర అమ్మాయి మళ్ళీ తూచి, "తూకం అయినాక కలిపినారా?" అని గట్టిగా అడిగింది. సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చాడు. కోడలు తల దించుకుంది.

"దొంగతనం కాదు మే, కొసరు! కిలో కొంటే గుప్పెడు ఎయ్యరా?" అన్నాను.

"ఆయమ్మ అడిగేది న్యాయమే గదా! మాకూ ఎయ్యండి" అన్నారు వెనక వరసలో ఆడవాళ్ళు.

మేనేజరు నవ్వి, ఆ గుప్పెడు తీసేసి, కరివేపాకు ఊరికే ఇచ్చాడు.

కోడలికి ఇప్పటికీ సిగ్గే. అయినా ఆ పూట తాలింపులో ఆ కరివేపాకే వేసింది!