గొంతులో ఎముక లేదు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కర్నూలు ఆఫీసులో నా కుర్చీ ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుందని మా పెద్దసారు అందరి ముందూ దెప్పేవాడు. ఆ కుదురులేనితనం చూసే కాబోలు, పశువైద్యం చదివిన నన్ను మందల వెంట తిరిగే పనికి వేశారు. గొర్రెల మందల్లో కాపలా కుక్కలుంటాయి. వాటి కడుపులో పెరిగే పురుగులు గొర్రెలకు ఎలా పాకుతున్నాయో, ఏ మందు ఎన్నాళ్ళకోసారి వేస్తే ఆగుతాయో తేల్చడం మా పరిశోధన. వినడానికి గొప్పగానే ఉంటుంది. చేసేది మాత్రం కుక్క ఎప్పుడు దొడ్డికి కూర్చుంటుందా అని డబ్బా పట్టుకుని దాని వెనకాల నిలబడడం. కాపర్లు నన్ను మొహం మీదే "కుక్కపెంట మేడం" అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత నేనే ఫోనులో "నేనప్పా, కుక్కపెంట మేడాన్ని" అని చెప్పుకోవడం మొదలుపెట్టాను. అలా చెబితేనే గుర్తుపట్టేవాళ్ళు మరి.

ఒక వేసవి మొదట్లో, కోతలైపోయి మందలన్నీ కాలువ కింది పొలాలకు దిగుతున్న రోజుల్లో, ఒక కాపరి ఫోన్ చేశాడు. అహోబిలం కొండల కింద మేపుకుంటూ కడప వైపు పోతున్న మంద అతనిది. పెద్ద మీసాల మనిషి. మా పరిశోధనలో అతని కుక్క కూడా ఒకటి. నల్లది, చెవి సగం తెగింది. నేను డబ్బా తీయగానే మెడ తిప్పి, ఈమెకేం పుట్టింది రోగం అన్నట్టు చూసేది.

"మేడం, మన కుక్క గొంతులో ఎముక ఇరుక్కుండాది. నోరు మూస్తా లేదు, సొల్లు కారుస్తాండాది. నీళ్ళు పెడితే మూతి ముంచుతాది గానీ మింగలేకుండాది. చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తగల్లే. నువ్వొచ్చి తీస్తావా?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పిచ్చికుక్క అంటే అందరికీ పళ్ళు బయటపెట్టి మీదికొచ్చే కుక్కే తెలుసు. ఆ జబ్బు ఇంకో రకంగా కూడా వస్తుంది. కుక్క ఎవరి మీదా పడదు, మొరగదు. దవడ జారిపోయి, నోరు తెరుచుకుని, ఓ మూల దిగులుగా కూర్చుంటుంది. చూసినవాళ్ళకు గొంతులో ఏదో అడ్డుపడిందనే అనిపిస్తుంది. పెంచిన మనుషులు ఊరుకోలేక నోట్లో చెయ్యి పెడతారు. ఆ చేతికి చిన్న పన్ను గీరుకున్నా చాలు. వెంటనే సూదులు వేయించుకుంటే బతుకుతారు. వేయించుకోకుండా జబ్బు గానీ బయటపడిందా, ఇంక ఏ డాక్టరూ చేయగలిగిందేమీ ఉండదు.

"అన్నా, అది ఎముక కాదు. దాని దగ్గరికి ఇంక ఎవ్వరూ పోవద్దండి. నోట్లో పెట్టిన చెయ్యి సబ్బుతో బాగా కడిగి, ఇప్పుడే ఆసుపత్రికి పోయి కుక్కకాటు సూది వేయించుకోవాల," అన్నాను.

"అది పాపం ఎవర్నీ కరవలేదు గదా మేడం."

"కరవకపోయినా వేయించుకోవాల!" అని అరిచాను. ఆఫీసులో పక్క గదిలోంచి తలలు బయటికొచ్చాయి.

"సరేలే మేడం, పోతాంలే," అన్నాడు. పోయే రకం కాదని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

మర్నాడు మేం చేరేసరికి కుక్క చచ్చిపోయింది, మంద వెళ్ళిపోయింది. మేం అంటే నేనూ, జీపు నడిపే భాయీ. భాయికి నా కోపాలు కొత్త కాదు, చాలా ఏళ్ళుగా భరిస్తున్నాడు. కాపరి ఫోనులో చెప్పిన గుర్తుల ప్రకారం కాలువ గట్టు పక్కన ముళ్ళకంప కప్పి ఉంచారు కుక్కను. రెండు జతల గ్లౌజులు వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తలలోంచి కావలసిన ముక్క తీసి ఐసు డబ్బాలో పెట్టాను. భాయి అటు తిరిగి నిలబడి పెదాలతో ఏదో చదువుకున్నాడు. ఎన్ని కుక్కలకు చేసినా ఆ పని నాకు అలవాటు కాలేదు. ఈసారి ఆ తెగిన చెవి చూడకుండా చేయడానికి నానా అవస్థ పడ్డాను.

సాయంత్రానికి ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అనుమానం లేదు, అదే జబ్బు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నాకు కావలసింది కాపరి ఫోను, అదేమో పొద్దున ఆ గుర్తులు చెప్పి పెట్టేసినప్పటి నుంచీ స్విచాఫ్. మందతో తిరిగేవాళ్ళు ఫోన్లు టీకొట్లలో చార్జింగు పెట్టుకుంటారు. టీకొట్టు లేని దారిన పోతే అంతే సంగతులు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆయన, "ఆ ఊళ్ళో నర్సమ్మకు ఫోన్ చేసి చెప్పొచ్చు కదా," అన్నాడు. ఏ ఊళ్ళో నర్సమ్మకు? పొద్దునొక పొలంలో, సాయంత్రమొక పొలంలో ఉండే మందకు ఊరేముంటుంది? పాపం ఆయన మంచికే చెప్పాడు. నేను మాత్రం ఎగిరిపడ్డాను.

తెల్లవారగానే వెతకడానికి బయల్దేరాం. ఆళ్ళగడ్డ దాటాం, చాగలమర్రి దాటాం. మంద ఎంత దూరం నడిచి ఉంటుందిలే అనుకున్నాను. కానీ జీపు రోడ్డు మీద పోతుంది, మంద గడ్డి ఉన్న దిక్కుకు పోతుంది. రోడ్డుకు ఎడమకు మళ్ళిందో కుడికి మళ్ళిందో చెప్పే నాథుడు లేడు. కనబడిన ప్రతి టీకొట్టు దగ్గరా ఆపించాను.

"ఏమప్పా, ఈ పక్క గొర్రెల మందేమన్నా పోయిందా?" అని భాయి అడిగాడు.

"పోకేం, శానా పోయినాయి. నీకే మంద గావాల?"

"పెద్ద మీసాలాయన మంద."

"గొర్రెలకా, మనిషికా?" అని టీకొట్టాయన పగలబడి నవ్వాడు. "కాపరోళ్ళందరికీ మీసాలే గదప్పా!"

నాకు నవ్వు రాలేదు. దూరంగా దుమ్ము లేస్తే చాలు, జీపు పొలం గట్ల మీదికి దించమనేదాన్ని. పోయి చూస్తే ఎవరిదో మంద. ఆ కాపర్లు మా కుక్కకు కూడా మందు వేయమనేవాళ్ళు, మా గొర్రె కుంటుతోంది చూడమనేవాళ్ళు. ఇంకో రోజైతే గంటలకొద్దీ కూర్చునేదాన్ని. ఆ రోజు నిలబడి మాట్లాడే ఓపిక కూడా లేకపోయింది. దారిలో గొర్రె పెంటికలు కనబడితే దిగి, వేళ్ళతో చిదిమి, తడిగా ఉన్నాయా ఎండాయా అని చూశాను. జీపులో కూర్చుంటే కాళ్ళు ఊరికే నేలను తొక్కుతున్నాయి.

"మేడం, మీరు గుస్సా చేసుకుంటే మంద దొరుకుతాదా?" అన్నాడు భాయి. "నీళ్ళన్నా తాగండి."

"నువ్వు తోలు భాయ్!" అన్నాను.

పొద్దు వాలుతుండగా దువ్వూరు దగ్గర కోసిన వరిమళ్ళలో దొరికింది మంద. జీపు పూర్తిగా ఆగకముందే దూకాను. మీసాలాయన మెడ వెనక కర్ర అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేలాడేసి, చుట్టాన్ని చూసినట్టు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి రెండు రోజుల కడుపుమంటా ఒక్కసారి బయటికొచ్చింది. నీకు బతకాలని లేదా, ఫోను ఏ గంగలో పారేశావు, ఆసుపత్రికి పోతానని ఎందుకన్నావు, ఆ జబ్బొస్తే మనిషి ఎలా పోతాడో తెలుసా అని ఊపిరి తీసుకోకుండా అరిచాను. ఎలా పోతాడో కూడా వివరంగా చెప్పాను. అతను తల ఊపుతూ అంతా విన్నాడు.

"అయిపాయనా మేడం?"

"అయింది. జీపెక్కు."

"నా చెయ్యి కుక్క నోట్లో యాడ పడతాది? పెట్టింది ఆమె," అని గడ్డంతో పక్కకు చూపించాడు.

మూడు రాళ్ళ పొయ్యి దగ్గర అతని భార్య సంగటి కెలుకుతూ ఉంది. సన్నటి మనిషి, చిన్న పిల్లకున్నట్టు చిన్న చేతులు. ఆ మందలో లోపలికి చెయ్యి పెట్టాల్సిన పని ఏదొచ్చినా ఆమెదేనట. గొర్రె ఈనలేకపోతే, కడుపులో పిల్ల అడ్డం తిరిగితే, ఆమె చెయ్యే కావాలి. కుక్క గొంతులో ఎముక చూడడానికి కూడా ఆమెనే పిలిచారు. నేను చావు గురించి చెప్పిందంతా ఆమె వింటూనే ఉంది. కెలికే తెడ్డు మాత్రం ఆపలేదు.

దగ్గరికి పోయి, "ఏదీ, చూడనీ అక్కా," అన్నాను. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద రెండు గీతలు. పసుపు అద్దుకుంది.

వెంటనే ఆమెను, ఆమెతోపాటు కుక్కను ముట్టుకున్న మగవాళ్ళు ముగ్గుర్నీ, అంటే భర్తనూ, మరిదినీ, కూలికి వచ్చిన కాపరినీ జీపులో ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి పోయాం. మందను పక్క మందవాళ్ళకు అప్పజెప్పారు. గీరుకున్న చోటి చుట్టూ మందు ఎక్కించాలి, బాగా నొప్పి పుడుతుంది. సూది దిగుతుంటే నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆమె కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక, "ఇంక నీకేం భయం లేదక్కా, మిగతా సూదులు కూడా చెప్పిన రోజుకు తప్పకుండా వేయించుకుంటే చాలు," అన్నాను. రెండు రోజుల తర్వాత మొదటిసారి నా ఊపిరి నాకు తెలిసింది.

ఆమె ఆ మాట విన్నట్టే లేదు. "మేడం, కుక్క నోట్లో పెట్టినప్పటి నుంచి ఈ చేత్తోనే అందరికీ సంగటి ముద్దలు చేసి పెడతాండా. వాళ్ళకూ వస్తాదా?" అంది.

రాదన్నాను. డాక్టరు కూడా రాదన్నాడు. అన్నం ద్వారా, మనిషిని ముట్టుకుంటే వచ్చే జబ్బు కాదని ఇద్దరం విడమరిచి చెప్పాం. ఆమె తలూపింది. నా పవర్‌బ్యాంకు తీసి మీసాలాయన చేతిలో పెట్టి, ఫోను ఆఫైతే మర్యాదగా ఉండదని చెప్పి కర్నూలుకు తిరిగొచ్చాను.

రెండో సూది నాటికి మంద మైదుకూరు దరిదాపుల్లో ఉంది. సూదులు వేయించి మందకు తీసుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొయ్యి దగ్గర మరిది చెమటలు కక్కుతూ సంగటి కెలుకుతున్నాడు. చూస్తేనే తెలుస్తోంది, అంతా ఉండలు. ఆమె జీపు దిగి నేరుగా పోయి దూరంగా ఒక తుమ్మచెట్టు కింద కూర్చుంది. పక్కన ఆమెకని వేరుగా తినడానికి ఒక తట్ట, తాగడానికి ఒక చెంబు.

"ఇదేందన్నా?" అని మీసాలాయనను అడిగాను.

ఆ రోజు మొహంలో నవ్వు లేదు. "ఆ పొద్దు నుంచి అంతే మేడం. పొయ్యి ముట్టదు, గొర్రెపిల్లల్ని ముట్టదు. నిన్న ఒక గొర్రె ఈనలేక తన్నుకులాడింది. చెయ్యి పెట్టవే అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా. నా చేతిలో విషముండాది, నేను పెట్టనంది. తల్లీ పిల్లా రెండూ పాయె."

నాకు తిక్క లేచింది. ఆమె ముందుకు పోయి నిలబడ్డాను. "రాదని ఎన్నిసార్లు చెప్పాలక్కా నీకు? ఆసుపత్రిలో డాక్టరు నీకేం చెప్పినాడు?"

"రాదంటిరి. మరి వాళ్ళకెందుకు పొడిపిస్తిరి?"

"వాళ్ళు కుక్క సొల్లు ముట్టుకున్యారు కాబట్టి. నీ ముద్ద తిన్నందుకు కాదు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుంది. మరిది దగ్గరికి పోయి, తట్టలో ఇంత సంగటి వేయించుకుని, తడి చేత్తో గుండ్రంగా తిప్పింది. చేతికట్టు లేదు, కణుపుల మీద గీతలు నల్లబడి కనబడుతున్నాయి. ఆ ముద్ద అరచేతిలో పెట్టుకుని నా ముందుకు చాపింది.

"తిను," అంది.

ఈ జబ్బు గురించి నేను పరీక్షలు రాశాను. ఊళ్ళల్లో మైకు పట్టుకుని చెప్పాను. ఆ ముద్దలో ఏమీ లేదని నాకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలీదు. అయినా నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగడం ఆమె చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ముద్ద అందుకుని పెద్ద తునక తుంచి నోట్లో పెట్టుకున్నాను. సంగటి నమిలేది కాదు, మింగేది. ఉండలున్న సంగటి, నంజుకోడానికి ఊరిబిండి కూడా లేదు, గొంతులో కష్టంగా దిగింది. అది దిగేదాకా ఆమె నా గొంతు వైపే చూస్తూ ఉంది. ఇంకో తునక తిన్నాను. ఇంకోటి తిన్నాను. ముద్దంతా అయిపోయింది.

"నీళ్ళు గూడా తాగు," అంటూ తన చెంబు ఇచ్చింది.

చెంబెత్తి గటగటా తాగాను, ఒక్క చుక్క మిగల్చకుండా. దించేసరికి ఆమె ఏడుస్తోంది. భర్త దగ్గరికి రాబోయి మళ్ళీ ఆగిపోయాడు.

"మన కుక్క గూడా ఇట్లే తాగాలని చూసింది మేడం," అంది. "నా మొగం చూసుకుంటా, చూసుకుంటా... తాగలేకపాయె."

నేనూ ఏడ్చాను. ఎంతసేపని అలా నిలబడతాం? ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి నడిచి, మరిది చేతిలోంచి తెడ్డు లాక్కుంది. ముక్కు ఎగబీలుస్తూనే మగవాళ్ళ వైపు తిరిగి, "రాండి, ముద్దలు చేస్తా," అని పిలిచింది.