చాచా మొదట దిగిన దుబాయ్

చాచా పోయారని ఆయన పనిచేసే లాండ్రీ వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఇస్త్రీ బల్ల దగ్గరే కూలబడ్డారట. నాకు సొంత చాచా కాదు. దుబాయ్‌లోని కరామాలో, మంచానికింతని అద్దె కట్టే మా బెడ్‌స్పేస్ గదిలో కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆయనది రాయచోటి, నాది నెల్లూరు. పరాయి దేశంలో ఆ మాత్రం చుట్టరికం చాలు.

గదిలోకి కొత్తవాడెవడు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "దుబాయ్ చూసినావా?" వాడు ఎత్తైన మేడల పేర్లు చెప్పబోతే నవ్వేసేవారు. "అది గాదబ్బయ్యా. నేను చూసిన దుబాయ్ వేరే ఉండాది."

ఆ కథ మాకందరికీ కంఠతా వచ్చు. కుర్రతనంలో ఏజెంటు వెంట రైలెక్కి బొంబాయి విక్టోరియా టెర్మినస్‌లో, అదే వీటీ స్టేషన్లో దిగారు. నీలం కప్పు మీద బంగారు చుక్కలు, రంగుటద్దాల కిటికీలు, రాతి కమానుల మీద నెమళ్లు, కోతులు. బయటికొస్తే గేటుకు అటు సింహం, ఇటు పులి. గుమ్మటం మీద దివిటీ ఎత్తి పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. దుబాయ్ వచ్చేసిందనుకుని చాచా అక్కడే నిలబడి దువా చేశారు. ఏజెంటు పడీ పడీ నవ్వాడట. మీలో ఎవరైనా ఆ స్టేషన్ చూసి ఉంటే ఆయన్ను తప్పుపట్టరు.

"తెల్లోళ్లు వాళ్ల రాణి పేరు పెట్టుకున్నారు గానీ, ఆ రాయి చెక్కింది మనోళ్లే" అనేవారు, తన ఇంటివాళ్ల గురించి చెప్పినట్టు.

చాచీని ఇక్కడికి తెచ్చుకునే యోగం ఆయనకు పట్టలేదు. "ఈడ పని ఖలాస్ చేసుకుని ఊరికి పొయ్యేటప్పుడు నేరుగా పోను. మీ చాచీని బొంబాయికి రమ్మంటా. నా దుబాయ్ చూపించి ఇంటికి పిల్చుకపోతా." ప్రతి శుక్రవారం ఫోన్లో ఆమెకూ ఇదే మాట.

ఆయన్ను ఇక్కడే ఖననం చేశాం. కింది మంచానికి ఇంకా ఎవరూ రాలేదు. పొద్దున దిగేటప్పుడు ఆయనకు కాలు తగులుతుందేమోనని ఇప్పటికీ జాగ్రత్తపడతాను. ఆ తర్వాత గుర్తొస్తుంది. గదిలో ఇంతమందిమి ఉన్నా ఒంటరిగా అనిపిస్తుంది.

పోయిన నెల సెలవు దొరికితే బొంబాయి మీదుగా టికెట్ తీసుకున్నాను. నేరుగా విమానం ఉండగా ఇదేం పిచ్చి అన్నారు గదివాళ్లు. స్టేషన్‌కు ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడి చాచీకి వీడియో కాల్ చేశాను. చుట్టూ అంత జనం, తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

"మీ చాచా చెప్పిన దుబాయ్ ఇదేనా నాయనా?"

"ఇదే చాచీ."

"పైన దివిటీ పట్టుకున్నామె ఉంటాదంట గదా. చూపించు."

ఫోన్ పైకెత్తాను. ఎంత ఎత్తినా ఆ బొమ్మ చిన్నదిగానే కనిపించింది. చాచీ కొత్త ఊళ్లో రైలు దిగిన మనిషిలా కొంగు తల మీదికి సర్దుకుని, అలా చూస్తూ ఉండిపోయారు.