ఆటయ్యాక కూడు

కడప నుంచి పనిమీద వెళ్ళి, చీపురుపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి, "ఏటి సదువుతన్నావు బాబూ?" అన్నాడు.

అమెరికాలో ఓ నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడి కథ అన్నాను. అతని ఆటకి తెల్లవాళ్ళూ లేచి చప్పట్లు కొట్టేవారు. ఆటయ్యాక తమ హోటళ్ళలోకి మాత్రం రానిచ్చేవారు కాదు.

ఆయన ఆశ్చర్యపోలేదు. "కబడ్డీలో నన్ను అందరూ కలిసి వాటేసుకునీవోరు. ఆటయ్యాక టీ మాత్రం కొబ్బరిసిప్పలో, పైనుంచి పోసీవోరు. మరాయనకి కూడెవులు ఎట్టీవోరు?"

"ఏ ఊరెళ్తే ఆ ఊరి నల్లవాళ్ళు, ఇంటికి తీసుకెళ్ళి."

"మాకూ అంతే. ఆ ఊరి మాలపేటోళ్ళే ఎట్టీవోరు."

పుస్తకం అందుకుని, అట్టమీది బొమ్మని దగ్గరగా చూశాడు.

"అలగయితే మావోడే."