విశ్వకర్మ పూజనాడు లేవని మెషీన్

కంప్యూటర్ చదివినవాళ్ళందరికీ తాము మిగతా జనం కంటే ఒక మెట్టు పైన పుట్టామన్న భ్రమ ఉండే రోజులవి. నాకైతే రెండు మెట్లు. రెండువేల సంవత్సరం తర్వాతి తొలి ఏళ్ళలో, జంషెడ్‌పూర్ గోల్‌మురి దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్‌లో నా మొదటి ఉద్యోగం. మా మామయ్య అక్కడ ఇరవై ఏళ్ళుగా స్టోర్‌కీపరు. "మా మేనకోడలు, పూచీ నాది" అని యజమానికి మాటిచ్చి, ఆర్నెల్ల ట్రయల్ మీద నన్ను చేర్పించాడు. (ఆ పూచీ బరువు తెలిసుంటే కాస్త నెమ్మదిగా నడిచేదాన్నేమో.)

ఆఫీసులో సరుకు వెంట పంపే చలాన్లు అచ్చువేసే పాత లినక్స్ కంప్యూటరొకటి ఉండేది. దాని ఫ్యాను రొద విని, ఇది ఎక్కువ రోజులు బతకదని తేల్చి, దాని డిస్క్ మొత్తాన్ని కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేసి వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్‌గా నడిపిస్తానని ప్రకటించాను. అందుకు నేనెంచుకున్న ముహూర్తం విశ్వకర్మ పూజ. ఆ ఊళ్ళో ఆ రోజు లేత్ మెషీన్ నుంచి సైకిల్ దాకా అన్నిటినీ కడిగి బొట్టు పెడతారు, స్పానర్ కూడా ఎవరూ ముట్టుకోరు. అడ్డొచ్చేవాళ్ళుండరు కదా అని నాకదే సుళువనిపించింది. పైగా, కనపడని మెషీన్‌కి నియమాలేమిటి!

బయట పూజకు ఏర్పాట్లు జరుగుతుంటే తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. కాపీ బాగానే అయింది. పాతదాన్ని ఆపి కొత్తదాన్ని లేపాను. నాలుగు లైన్లు గబగబా పరిగెత్తి, 'కెర్నల్ పానిక్', అంటే సిస్టమ్ గుండెకాయే బెంబేలెత్తిందని చెప్పి ఆగిపోయింది. పోనీ పాతదాన్నే లేపుదామంటే, ఇన్నాళ్ళ చాకిరీ చాలన్నట్టు అదీ కదల్లేదు. మర్నాడు పొద్దున్నే సరుకు లారీ బయల్దేరాలి. చలాన్ లేకపోతే గేటు దాటదు. దాటకపోతే నా ఉద్యోగంతోపాటు మామయ్య మాటా పోతుంది. మెమరీ పెంచాను, తగ్గించాను, పాతదాని డిస్క్ ఊడదీసి మళ్ళీ కాపీ చేశాను. చివరికి ఆ పానిక్ దానికో నాకో తెలియని స్థితికి వచ్చాను.

అప్పుడే మామయ్య కుంకుమ పళ్ళెంతో లోపలికొచ్చాడు. "ఏటే, ఇయ్యాల మిషన్ ముట్టుకున్నావేటి?"

"కుఛ్ నహీ, మామా." (ఏమీ లేదని. భయమేస్తే నాకు హిందీ వచ్చేది.)

"మరి ఆ కళ్ళల్లో నీళ్ళేటి?"

అంతా చెప్పేశాను. తిడతాడనుకుంటే, పళ్ళెం పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ తెర మీద ఏటి రాసుందో తెలుగులో చెప్పు."

"సిస్టమ్ 'హెచ్‌డిఏ' అనే డిస్క్‌లో ఉండాలట, ఆ డిస్క్ కనపడట్లేదట."

"మరి నువ్వెక్కడ ఎట్టావు? నా స్టోర్లో సరుకు ఒక ర్యాక్ నుంచి ఇంకో ర్యాక్‌కి మార్చీసి చీటీ మార్చకపోతే, వచ్చినోడు పాత ర్యాక్ కాడే నిలబడి లేదు లేదని ఏడుత్తాడు. సరుకెక్కడికీ పోదు కదే."

గబుక్కున సెట్టింగులు తెరిచాను. పాత కంప్యూటర్‌లో డిస్క్ ఐడిఈ అనే రకం కనెక్షన్‌కి తగిలి ఉండేది. కొత్తదాంట్లో నేను, గొప్పగా ఉంటుందని, స్కజీ రకం ఎంచాను. దాంతో డిస్క్ పేరే మారిపోయింది. పాపం ఆ సిస్టమ్ చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతోంది. మళ్ళీ ఐడిఈకి మార్చగానే లైన్లు ఆగకుండా పరిగెత్తి, బుద్ధిగా పాస్‌వర్డ్ అడిగింది. సంతోషం పట్టలేక ఒక చలాన్ అచ్చేశాను.

ఆ ప్రింటర్ చప్పుడుకి యజమాని వచ్చేశాడు. "ఆజ్ కే దిన్ మెషీన్ కిస్‌నే చలాయా?" అని గర్జించాడు. ఈ రోజున మెషీన్ నడిపిందెవరని! నేను చలాన్‌ని వెనక్కి దాచుకున్నాను. "హమ్ హీ చలవాయే, మాలిక్. గల్తీ హో గయా," అన్నాడు మామయ్య. నేనే నడిపించాను, తప్పయిపోయిందని! ఇరవై ఏళ్ళుగా ఆ రోజు ఒక్క పనిముట్టూ కదలనివ్వని మనిషి తలవంచుకు నిలబడితే, యజమాని వెనక్కి తిరిగి పూజ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నేను చేతులు తిప్పుతూ అమ్మకి వర్ణించాను, అందరూ చేతులెత్తేసే మెషీన్‌ని ఒంటిచేత్తో ఎలా లేపానో. సాక్చి బజారు నుంచి తెచ్చిన బూందీ తింటూ మామయ్య అంతా విని, "అవునే అప్పా, అంతా ఇదే చేసింది," అన్నాడు వాళ్ళక్కతో. ఆయన ముఖంకేసి ఒక్కసారి చూడాలని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు అప్పటి ఆ పిల్ల నాకు ఎదురైతే, నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "ముందు మామయ్యకి ఇంకాస్త బూందీ వెయ్యవే" అని చెప్పాలనిపిస్తుంది.